ఒక ఊళ్ళో... ఏ ఊళ్ళో?

“తాతా, మరి మీ ఊరి రైటర్ ఎవరు?” అని అడిగింది మా మనవరాలు.

అడిగిన చోటు అమెరికాలో, సౌత్ డకోటా రాష్ట్రంలో, డి స్మెట్ అనే చిన్న ఊరు. 2018 జూలై నెల. మా అమ్మాయీ అల్లుడూ మినియాపొలిస్‌లో ఉంటారు. అక్కడినుంచి పడమటగా కారులో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చాం. మా దేవరకొండ వైపు ఏ దిక్కుకు చూసినా గుట్టో బండో చూపుకు అడ్డం వస్తుంది. అక్కడ చూపును ఆపేది ఏదీ లేదు. నేల చాప పరిచినట్టు సాగిపోతుంది. దాన్ని ‘ప్రెయిరీ’ అంటారు. వట్టి గడ్డినేల అన్నమాట. ఇప్పుడు మొక్కజొన్నా సోయా పండిస్తున్నారు గాని, నూట నలభై ఏళ్ళ కిందట మనిషెత్తు గడ్డి తప్ప మరేమీ కనపడేది కాదట.

డి స్మెట్ జనాభా వెయ్యికి కాస్త పైన. మన లెక్కలో అది పల్లెటూరే. అంత చిన్న ఊరికి ఎక్కడెక్కడినుంచో కార్లు వస్తున్నాయి. కారణం ఒక్క మనిషి. లారా ఇంగల్స్ వైల్డర్ అనే ఆవిడ తన చిన్నతనాన్ని పిల్లల కోసం పుస్తకాలుగా రాసింది. మేం నిలబడ్డది ఆవిడ తండ్రి 1887లో కట్టుకున్న చెక్క ఇంటి ముందు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాలి. ఊరి బయట తండ్రి నాటిన కాటన్‌వుడ్ చెట్లు కొన్ని ఇంకా ఉన్నాయి. శ్మశానంలో తల్లీ తండ్రీ, అక్కా చెల్లెళ్ళూ ఉన్నారు. 1971 నుంచీ ప్రతి వేసవిలో ఊరివాళ్ళే ఆవిడ కథలను ఆరుబయట నాటకంగా ఆడుతున్నారు. మా మనవరాలు చేతిలో పుస్తకం పట్టుకుని, ఇది అందులో ఉంది, ఇదీ అందులో ఉంది అని చూపిస్తూ మా ముందు నడిచింది.

ఆ పుస్తకాల్లో ఒకటి అంతకు ముందు రాత్రి నాకు చదివి వినిపించింది. పేరు ‘ది లాంగ్ వింటర్’. 1940లో అచ్చయింది. 1880 అక్టోబరులో మొదలైన మంచు తుపాన్లు తర్వాతి వసంతం దాకా విడవలేదు. రైళ్ళు ఆగిపోయాయి. ఊరికి తిండీ లేదు, బొగ్గూ లేదు. ఎండుగడ్డిని తాళ్ళలా మెలిపెట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. విత్తనాల గోధుమలను కాఫీ గింజలు విసిరే చిన్న మరలో పోసి, ఇంటిల్లిపాదీ వంతులవారీగా రోజంతా తిప్పి, ఆ పిండితో రొట్టె చేసుకుని బతికారు. ఆ భాగం వింటుంటే నాకు డకోటా జ్ఞాపకం రాలేదు. తెల్లవారుజామున మా అమ్మ ఇసుర్రాయి ముందు కూచుని జొన్నలు విసరటం జ్ఞాపకం వచ్చింది. ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్ళం. ఏ రోజు చప్పుడు వినపడకపోతే ఆ రోజు గటక లేదని అర్థం.

మరో సంగతి కూడా నన్ను పట్టుకుంది. లారా పెళ్ళి జరిగింది డి స్మెట్‌లోనే. చంటిబిడ్డను పోగొట్టుకున్నదీ అక్కడే. కరువుకూ అప్పులకూ తట్టుకోలేక 1894లో భర్తతో బిడ్డతో బండి కట్టుకుని మిస్సోరీకి వలసపోయింది. మొదటి పుస్తకం అచ్చయింది 1932లో, అప్పటికి ఆవిడకు అరవై అయిదేళ్ళు. అంటే పొట్ట చేత పట్టుకుని విడిచివచ్చిన ఊరును, దూరాన కూచుని, ముసలితనంలో పేరు పెట్టి పిలిచింది. పాలమూరు లేబరు మధ్య పుట్టి పెరిగిన వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు.

అయితే పేరు పెట్టి పిలవటంలోనూ చిక్కులున్నాయి. మేం వెళ్ళటానికి నెల ముందే, 2018 జూన్‌లో, అమెరికా గ్రంథాలయ సంఘంలోని పిల్లల విభాగం లారా పేరు మీద ఇస్తూ వచ్చిన బహుమతికి ఆ పేరు తీసేసింది. 1954లో మొదటి బహుమతి ఆవిడకే ఇచ్చారు. ఇంతకీ కారణం ఏమిటంటే, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న ఆదివాసుల గురించి ఆవిడ పుస్తకాల్లో ఉన్న మాటలు. ఒక పుస్తకంలో అక్కడ మనుషులే లేరు, ఇండియన్లు మాత్రం ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండేదట. 1953లో దాన్ని మార్చారు. ఊరి పేరు రాయటమంటే ఆ ఊరు ఎవరిదన్న తగాదాను కూడా నెత్తిన పెట్టుకోవటమే కాబోలు.

ఇదంతా చూసి బయటికి వచ్చాక ఆ పిల్ల వేసిన ప్రశ్న అది. మీ ఊరి రైటర్ ఎవరు?

“మేం చందమామ చదివేవాళ్ళమమ్మా” అన్నాను.

“అది పుస్తకం పేరు కదా. రాసిందెవరు?”

అక్కడ నేను తడబడ్డాను. ఇప్పుడైతే పేరు తెలుసు. కాని ఆ కథలు నా ప్రాణంగా ఉన్న రోజుల్లో వాటికి రాసినవాడంటూ ఒకడు ఉంటాడన్న ఆలోచనే నాకు లేదు.

మాది దేవరకొండ దగ్గర మెట్ట పల్లె. చెలక భూములు. జొన్నా సజ్జా ఆముదాలూ తప్ప మరో పంట ఎరగం. 1953లో నాకు తొమ్మిదేళ్ళు. మా అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. నైజాం కాలంలో సర్కారు బడిలో వాడు చదువుకున్న నాలుగు అక్షరాలూ ఉర్దూలో చదువుకున్నాడు. నేను బళ్ళో చేరేసరికి పోలీసు చర్య అయిపోయింది, చదువు తెలుగులోకి మారింది. ఒకే ఇంట్లో, ఒకే తల్లి బిడ్డలం, ఒకడికి వచ్చిన అక్షరాలు ఇంకొకడికి రావు. హాలీ సిక్కా అప్పటికింకా చలామణీలో ఉంది. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు. అందుచేత మద్రాసు సరుకు మీద ఏ వెల అచ్చువేసి ఉన్నా మా నాయిన దుకాణంలో అంతకు మించి లెక్క కట్టుకోవలసి వచ్చేది.

మా బడికి గుంటూరు వైపునుంచి ఒక సారు వచ్చాడు. ఆయనకు నెలనెలా టపాలో చందమామ వచ్చేది. తను చదివి నాకిచ్చేవాడు. షరతు ఒకటే, మడత పడకూడదు. నేను దాన్ని గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, పొద్దుగూకినాక దుకాణం అరుగు మీద, కందిలి వెలుగులో, పైకి చదివేవాణ్ణి. అన్న పక్కన కూచునేవాడు. చెలకలనుంచి వచ్చినవాళ్ళు, బర్రెలు తోలుకొచ్చిన జీతగాళ్ళు, ఉప్పుకో చుట్టకో వచ్చినవాళ్ళు అట్లాగే నిలబడిపోయేవాళ్ళు. ఉప్పు పొట్లం చేతిలో పట్టుకుని రెండు కథలు విన్నవాళ్ళున్నారు. మా నాయినకు బేరం పోతుందని కోపమే గాని, ఆయనా ఒక చెవి ఇటు పడేసే ఉండేవాడు.

మా సారు మాట్లాడే తెలుగు మాకు కొంచెం కొత్తగా ఉండేది. పాఠ్యపుస్తకాల తెలుగు మరీ కొత్త. చందమామ తెలుగు మాత్రం ఎవరికీ అడ్డం తగల్లేదు. చిన్న చిన్న వాక్యాలు. ఒక వాక్యంలో ఒకటే పని జరుగుతుంది. రాజు లేచాడు, గుర్రం ఎక్కాడు, అడవికి పోయాడు. నేను చదువుతూ చదువుతూ ‘ఎక్కిండు’, ‘పోయిండు’ అని మార్చేసేవాణ్ణి. కథ ఏమీ చెడేది కాదు. ఇట్లా ఏ యాసలోకి తిప్పినా విరగని వాక్యం రాయటం ఎంత కష్టమో నాకు తర్వాత, నేనే పంతులునై పిల్లలకు పాఠాలు రాసి ఇవ్వబోయినప్పుడు తెలిసింది.

ఆ శ్రోతల్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ళు దొర దగ్గర జీతమున్న మనిషి. ఒకనాటి కథలో ఒక జమీందారు ఉన్నాడు. కూలివాడి తెలివికి మెచ్చి ఎకరం భూమి రాసిచ్చాడు. పెద్దాయన చుట్ట నోట్లోంచి తీశాడు.

“గా జమీందారు ఏ ఊరోడు బిడ్డా?”

“ఒక ఊళ్ళో అని ఉంది పెద్దయ్యా.”

“అదే, ఏ ఊళ్ళె?”

“పేరు రాయలేదు.”

“పేర్లేని ఊరు యాడుంటదిరా? గసొంటి దొర ఉన్నడంటే రేపే పోత నేను.”

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. అప్పటికి నల్లగొండ జిల్లాలో తుపాకుల పోరాటం ఆగి రెండేళ్ళే అయింది. 1946 నుంచి 1951 దాకా వెట్టి వద్దన్నందుకు, భూమి కావాలన్నందుకు చచ్చిపోయినవాళ్ళు మా చుట్టుపట్ల ఊరూరా ఉన్నారు. మా అరుగు మీద కూచున్నవాళ్ళలో దొర ఎట్లా ఉంటాడో తెలియనివాడు ఒక్కడూ లేడు. నేనొక్కణ్ణే పసివాణ్ణి.

మా అన్న ఆ రాత్రి తీర్పు చెప్పాడు. ఆ ఊరు మా వాగు దాటి, గుట్ట అవతల ఉంటుందని. కథలో అడవి ఉంది, కొండ ఉంది, కొండలో దొంగలున్నారు, పాడుపడ్డ గుడి ఉంది, మర్రిచెట్టు ఉంది. ఇవన్నీ ఉన్న ఊరు అదొక్కటే. అప్పటినుంచీ ఏ కథ చదివినా మేమిద్దరం దాన్ని గుట్ట అవతలే జరిపించాం. 1954లో ‘తోకచుక్క’ సీరియల్ మొదలైనప్పుడు గుట్ట మీది పెద్ద బండే మాకు కోట.

ఇందులో ఒక విచిత్రం ఉంది. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు మాకు తెలుసు. బొమ్మల మూల ‘చిత్రా’ అనీ ‘శంకర్’ అనీ సంతకాలు ఉండేవి. ఆ సంతకాలను పలకల మీద దించేవాళ్ళం. సంపాదకుడు చక్రపాణి అని అచ్చులో ఉండేది. రాసినవాడి పేరు మాత్రం చాలా కథలకు ఉండేది కాదు.

ఆ పేరు నాకు తెలిసింది 1980 ఆగస్టులో. నల్లగొండలో పనిచేస్తున్నాను. కొడవటిగంటి కుటుంబరావుగారు 17వ తేదీన మద్రాసులో పోయారని పేపర్లో వచ్చింది. ‘చదువు’ నవల రాసిన కుటుంబరావుగారిని నేనెరుగుదును. ఆయన కథలు, వ్యాసాలు చదివి తోటి పంతుళ్ళతో వాదాలు పెట్టుకున్నవాణ్ణి. 1970లో విరసం ఏర్పడ్డప్పుడు అందులో చేరిన మనిషి. ఆ మనిషే 1952 నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ పాటు చందమామలో కూచుని, పేరు లేకుండా, రాజుల కథలూ రాక్షసుల కథలూ బేతాళుడి కథలూ రాశారని ఆ రోజే చదివాను. పేపరు పక్కన పెట్టి చాలాసేపు ఊరుకున్నాను. మా పెద్దయ్య అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఆయన. ఎకరం రాసిచ్చే జమీందారు ఎక్కడా ఉండడని పెద్దయ్యకు ఎంత తెలుసో ఆయనకూ అంత తెలుసు. తెలిసే రాశారు. కోపం వచ్చిందా అంటే, వచ్చింది. రెండు రోజులు.

ఆయన పుట్టింది 1909 అక్టోబరు 28న, తెనాలిలో. ఈ సంగతి నేను మా మనవరాలికి డి స్మెట్‌లో చెప్పాను.

“ఆ ఇల్లు చూశావా?”

“లేదు.”

“ఎందుకు? ఇంత దూరం వచ్చావు కదా!”

ఈ కాలపు పిల్లలు ఇట్లాగే అడుగుతారు.

2019 జనవరిలో నల్లగొండలో గుంటూరు మీదుగా పోయే పగటిబండి ఎక్కాను. మిర్యాలగూడ దాకా మన నేలే. కృష్ణ దాటి, నడికుడి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి దాటి గుంటూరు వచ్చేదాకా ఇంకా రాయీ రప్పా కనిపిస్తూనే ఉంటాయి. గుంటూరు దాటాక లోకం మారిపోతుంది. కాలవలు, వరికుప్పలు, కొబ్బరిచెట్లు, నల్లటి తడినేల. తెనాలి ఊళ్ళోనుంచే కాలవలు పారుతున్నాయి. నీళ్ళు అట్లా ఊరి మధ్యలో ఊరికే పోతుంటే చూసి, మెట్టవాడిగా నాకు కొంచెం కడుపు మండిన మాట వాస్తవం.

స్టేషను బయట ఆటో అబ్బాయిని కుటుంబరావుగారి గురించి అడిగాను.

“ఏ కుటుంబరావుగారండీ? డాక్టరుగారా, ప్లీడరుగారా?”

“రచయిత. పోయి చాలా ఏళ్ళయింది.”

“అయితే తెనాలి రామకృష్ణుడి గురించా మీరు అడిగేది?”

తప్పు అతనిది కాదు. పిల్లల కథల్లో ఊరి పేరుతో సహా నిలిచిపోయినవాడు ఆ ఊరికి ఒకడున్నాడు. నాలుగు వందల ఏళ్ళ పైనుంచీ ఉన్నాడు. ఆయన ముందు మిగతావాళ్ళు నిలబడటం కష్టమే.

ఒక పుస్తకాల కొట్టులో అడిగితే, పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి ఒకాయన తలెత్తాడు. వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ ఉంటుంది.

“కూచోండి మాస్టారూ, ఏ ఊరు మీది?” అన్నాడు. నల్లగొండ అని చెప్పి, వచ్చిన పని చెప్పాను. చందమామ అన్న మాట వినగానే మొహం వికసించింది. కాఫీ తెప్పించాడు. ఇంక ఆయన్ను ఆపేవాళ్ళు లేరు.

“చక్రపాణిగారిది ఇక్కడే, ఐతానగరం. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లి శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నాడండీ. శరత్‌బాబును తెలుగులోకి తెచ్చాడు. నాగిరెడ్డిగారితో కలిసి 1947 జూలైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టాడు. మన కుటుంబరావుగారిని తీసుకుపోయింది ఆయనే. సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారు కూడా గుంటూరు జిల్లా మనిషే. 1952లోనే చేరాడు. ఆయన పేరు మాత్రం ఎక్కడ వేశారు?”

కుటుంబరావుగారికి చిన్నతనంలోనే తండ్రీ తల్లీ పోయారు. మేనమామ దగ్గర పెరిగారు. తెనాలిలో బడి చదువు, తర్వాత గుంటూరు, విజయనగరం, కాశీ. చదివింది భౌతికశాస్త్రం. కాశీలో ఎం.ఎస్‌సీ. మధ్యలో ఆగిపోయింది. సిమ్లాలో, బొంబాయిలో, ఒరిస్సాలోని జయపూరులో రకరకాల ఉద్యోగాలు చేశారు. చివరికి మద్రాసు. ఇవన్నీ పెద్దమనిషి వేళ్ళ మీద లెక్క చెప్పాడు.

“ఆ కథల్లో ఊరు మా తెనాలే కదండీ” అన్నాడు కాఫీ గ్లాసు కింద పెడుతూ. “చెరువు, రచ్చబండ, వడ్డీ వ్యాపారి, గయ్యాళి అత్తగారు. నేను చిన్నప్పుడే కనిపెట్టాను. మా పేటలో ఉండేవాళ్ళంతా ఉన్నారు అందులో.”

“మేం మాది అనుకున్నాం” అన్నాను.

“మీ వైపా! మీకు కాలవలేవీ?”

“కథల్లో కాలవ ఎక్కడుందండీ? అడవి ఉంది, కొండ ఉంది, కొండలో గుహ ఉంది. తెనాలిలో ఎక్కడినుంచి చూస్తే కొండ కనపడుతుందో చూపించండి.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “మంగళగిరి కొండ...” అని మొదలుపెట్టి, “కనపడదులెండి” అని ఒప్పుకున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

నిజానికి మా ఇద్దరి వాదమూ నిలవదు. కుటుంబరావుగారు కథలు తెచ్చింది కథాసరిత్సాగరం నుంచి, జాతక కథల నుంచి, అరేబియన్ నైట్స్ నుంచి, ఇంకా ఎన్ని దేశాలనుంచో. పాఠకులు పంపిన కథలను కూడా ఆయన తిరగరాసేవారట. పైగా తెలుగులో తయారైన కథే తమిళంలోకి, కన్నడంలోకి, హిందీలోకి, మరాఠీ, గుజరాతీ, మలయాళాల్లోకి పోవాలి. తెనాలి అని రాస్తే నాసిక్ పిల్లవాడికి అది ఎవరిదో ఊరు. అందుకని ఊరి పేరు, యాస, వీధి, కాలవ అన్నీ ఒలిచేసి, అక్కడ ఒక చెరువు, ఒక చెట్టు, ఒక రచ్చబండ మిగిల్చారు. లారా చేసిన పనికి ఇది సరిగ్గా తలకిందులు. ఆవిడ ఊరికి టిక్కెట్టు కొనుక్కుని పోవచ్చు. ఈయన ఊరికి టిక్కెట్టు ఇచ్చే కౌంటరు లేదు. మా పెద్దయ్యను ఏడిపించిందీ అదే, మా అన్నకు ఒక గుట్టను కోటగా చేసి ఇచ్చిందీ అదే. రెంటిలో ఏది ఎక్కువో తూచటానికి నేను చాలను.

ఆ సాయంత్రం పెద్దమనిషి నన్ను స్టేషను దాకా సాగనంపాడు. బండి వచ్చేదాకా ‘తోకచుక్క’ కథ నాకూ ఆయనకూ ఎంతెంత జ్ఞాపకముందో చూసుకున్నాం. ఆయనకే ఎక్కువ జ్ఞాపకముంది. చందమామ ఇప్పుడు రావటం లేదు గాని, పాత సంచికలు ఆయన దగ్గర ట్రంకు పెట్టె నిండా ఉన్నాయట. ఎవరికీ ఇవ్వడట. మడత పడతాయని.

తిరిగి వచ్చాక మా పల్లెకు పోయాను. అన్నకు ఎనభై దాటింది. చూపు సన్నగిల్లింది. అరుగు మీద మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. పక్కన కూచుని, అన్నా, మనం చదివిన కథలు రాసినాయన ఊరు చూసొచ్చిన అని చెప్పాను.

లేచి కూచున్నాడు.

“గుట్ట ఉన్నదారా?”

“లేదన్నా. అంతా చదును. వరిపొలాలు, కాలవలు.”

అన్న మళ్ళీ నడుం వాల్చాడు.

“అట్లయితే ఆ ఊరు గాదురా” అన్నాడు.